మోతె పొలాలు, పహాణీని ప్రశ్నించే భాష

నేటి సూర్యాపేట జిల్లాలోని మోతె ప్రాంతపు పొలాల లెక్క నిజాం కాలంలో మొదలైంది. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ హయాంలో రెవెన్యూ పాలన ఒక పద్ధతిలో పడింది. 1870ల నుంచి సర్వే శాఖ పొలాలు కొలిచి నంబర్లు వేసింది. ఏ నంబరు ఎవరిది, విస్తీర్ణమెంత, తరీయా ఖుష్కీయా (మాగాణా మెట్టా), శిస్తెంత అన్నది మూల దస్త్రమైన సేత్వార్‌లోకి ఎక్కింది. 1880ల్లో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనా భాష అయింది. దున్నేవాడి నోట తెలుగు, దఫ్తరులో ఉర్దూ. ఈ రెంటి నడుమ ఊరి లెక్కలు రాసే పట్వారీ నిలబడ్డాడు.

ఆ నౌకరీ వతన్‌గా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఏటేటా పంట చూసి పహాణీ రాసేది, రైతు అడిగితే అందులో ఏముందో చదివి చెప్పేది పట్వారీయే. రాసింది ఒకటి, చెప్పింది ఒకటి అయినా సరిచూసుకునే దారి రైతుకు లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో జనం దొరల, పట్వారీల ఇళ్లలోని అప్పు పత్రాలకూ లెక్క కాగితాలకూ నిప్పు పెట్టారంటే, ఆ కోపం వెనక ఈ నిస్సహాయత ఉంది.

మోతెకు ఆనుకొని ఉన్న మునగాల పరగణా కథ వేరు. చుట్టూ నిజాం రాజ్యమే అయినా, అది మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాలోని జమీందారీ.   మద్రాసు వైపు గ్రామ లెక్కను అడంగల్ అన్నారు, ఎకరాన్ని వంద సెంట్లు చేశారు. నిజాం వైపు అదే పహాణీ, ఎకరానికి నలభై గుంటలు. గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే రెండున్నర సెంట్లు. అప్పట్లో ఇక్కడ పొలం గట్టు దాటితే లెక్క మారేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మునగాల నల్గొండ జిల్లాలో కలిసింది.

హైదరాబాదు రాష్ట్రం భారతదేశంలో కలిశాక, 1954–55లో రాసిన ఖాస్రా పహాణీ ఊరూరి భూమికీ కొత్త పునాది. పట్టాదారు ఎవరు, నిజంగా సాగు చేస్తున్నదెవరు అన్నది వేర్వేరు గడుల్లో రాశారు. కౌలుదారు హక్కు అడగాలన్నా, భూదాన భూమి తేల్చాలన్నా, కోర్టులో వాదించాలన్నా నేటికీ చాలామంది వెళ్లేది ఆ కాగితం దగ్గరికే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పట్వారీల వంటి వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. దస్త్రం మాత్రం మిగిలింది.

తర్వాతి మధ్యవర్తి కంప్యూటరు. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ అనే కంప్యూటరు విధానం వచ్చింది, 2011లో సర్కారు సేవలందించే మీసేవ. అడంగల్, పహాణీ ఒకే సేవ కింద జంటగా అచ్చయ్యాయి. ఇలాంటి సేవల వెనక ఉండే డేటాబేసులను సాధారణంగా అడిగే భాష ఎస్‌క్యూఎల్. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన పట్టికల నమూనా మీద 1974లో చాంబర్లిన్, బాయిస్ దాని తొలి రూపాన్ని ప్రకటించారు. ప్రోగ్రామర్ తనకు నచ్చిన భాషలో రాస్తాడు, ముందే రాసి ఉంచిన కోడు, అంటే ఒక లైబ్రరీ, ఆ మాటల్ని ఎస్‌క్యూఎల్‌లోకి మార్చి పట్టికను అడుగుతుంది. పట్వారీ చేసిన దుబాసీ పనే ఇది.

అయితే ఆ లైబ్రరీకి గుంట తెలియదు. రెండెకరాల ముప్పై గుంటలను 2.30గా, ఎకరా ఇరవై గుంటలను 1.20గా రాసుకుని కూడమంటే 3.50 చెబుతుంది. రైతు లెక్కలో అది నాలుగెకరాల పది గుంటలు. మునగాల పాత సెంట్ల లెక్కలోనైతే ఆ 3.50 సరిగ్గా మూడున్నర ఎకరాలు. అంకె ఒకటే, భూమి వేరు. ఎకరాలకూ గుంటలకూ వేర్వేరు గడులు పెట్టడమో, మొత్తం గుంటల్లోకి మార్చి దాచడమో చేస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

పేర్ల చిక్కు ఇంకా లోతైనది. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు అక్షరాలకు చోటు దొరికింది. అయినా వెంకటరెడ్డి, వెంకట్ రెడ్డి, వెంకట్‌రెడ్డి అన్నవి ఊరికి ఒక్క మనిషే, పట్టికకు ముగ్గురు. మూడోదాంట్లో కంటికి కనబడని గుర్తు ఒకటి దాగి ఉంటుంది. సర్వే నంబరు చివర 124/అ బదులు 124/ఆ నొక్కితే పక్కవాళ్ల పొలం తెర మీదికి వస్తుంది.

2016 అక్టోబరులో మోతె కొత్త సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. మరుసటి ఏడు సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. ఆ రికార్డులో అనుభవదారు, అంటే నిజంగా సాగు చేసేవారి గడి లేకపోయింది. గడి లేకపోతే ఏ లైబ్రరీతో, ఏ భాషలో అడిగినా జవాబు రాదు. పట్టా లేకుండా సాగు చేసుకుంటున్నవారికి, కౌలుదార్లకు ఇది చిన్న లోపం కాదు, పెద్ద నష్టం. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి ప్రారంభమైంది. భూమి డేటాబేసులకు ప్రోగ్రాం రాసే యువతీయువకులు పని మొదలుపెట్టే ముందు ఒక పాత పహాణీ కాగితం ముందేసుకుని, అందులోని ప్రతి గడికీ తమ పట్టికలో చోటుందో లేదో సరిచూసుకోవాలి.