ఆర్మర్డ్ కేబుల్ ఎర్తింగ్

ఆర్మర్డ్ కేబుల్ ఎర్తింగ్ అనగా విద్యుత్ కేబుల్‌పై ఉండే లోహ కవచాన్ని, ఆ కేబుల్ ప్రవేశించే స్టార్టర్ డబ్బా, ప్యానెల్ బోర్డు వంటి లోహపు పెట్టెలతోను, ఎర్తు తీగతోను దృఢంగా కలిపే విధానం. జింకు పూత గల ఉక్కు తీగలు లేదా పట్టీలతో చేసిన ఈ కవచం పీవీసీ తొడుగు కింద ఉండి, కేబుల్‌ను దెబ్బల నుండి కాపాడుతుంది.

ఆవశ్యకత

నంద్యాల జిల్లా (2022 వరకు కర్నూలు జిల్లా) మహానంది పరిసరాలలోని అరటి తోటలలో నేల తరచు తడిగా ఉంటుంది. అటువంటి చోట ఇన్సులేషన్ దెబ్బతిని విద్యుత్తు పాకిన మోటారు డబ్బాను వట్టి కాళ్లతో తాకడం ప్రాణాంతకం. రాయలసీమ మెట్ట నేలలలోనైతే వేసవిలో నేల ఎండి, ఎర్తు గుంత నిరోధం పెరుగుతుంది. గుంత నిరోధం 10 ఓములైతే, 230 వోల్టుల వద్ద దాని గుండా 23 ఆంపియర్లకు మించి ప్రవహించదు. 32 ఆంపియర్ల ఫ్యూజు దానికి కాలిపోదు. డబ్బాలో విద్యుత్తు అలాగే నిలిచి ఉంటుంది. కావున గుంతతో పాటు, ట్రాన్స్‌ఫార్మర్ వరకు ఎక్కడా తెగని లోహమార్గం కూడా అవసరం.

విధానం

* సరఫరా నిలిపివేసిన తరువాతనే పని ప్రారంభించాలి.
* కవచపు తీగలన్నింటిని లోహపు గ్లాండులో బిగించాలి. కొన్నింటిని కత్తిరించి వదలరాదు.
* రంగు విద్యుత్తును ప్రసరింపనీయదు. కావున గ్లాండు కూర్చునే చోట రంగు గీకి, ఎర్తు ట్యాగు అమర్చి, దానిని డబ్బా ఎర్తు బోల్టుకు రాగి తీగతో కలపాలి.
* ప్లాస్టిక్ డబ్బాలకు ఈ ట్యాగు, తీగ తప్పనిసరి.
* చివరగా కవచానికి, ఎర్తు బోల్టుకు మధ్య నిరోధం కొలవాలి. అది దాదాపు సున్నా ఉండాలి. తుప్పు వలన ఇది పెరుగుతుంది గనుక అప్పుడప్పుడు తిరిగి పరీక్షించాలి.

ప్రమాణాలు

భారతదేశంలో ఎర్తింగ్ పద్ధతులను ఐ.ఎస్. 3043 ప్రమాణం వివరిస్తుంది. దీనిని 1987లోను, 2018లోను సవరించారు. మూడు ఫేజుల మోటారు లోహపు చట్రానికి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలి.