కట్ట కట్టినవాళ్లు, కట్ట కాచినవాళ్లు

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవుడి గుడి ముందర రెండు రాతి పలకలున్నాయి. వాటి మీది సంస్కృత శాసనం 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని మరో పేరున్నవాడు, ఉదయగిరి నుంచి ఈ ప్రాంతాన్ని ఏలుతున్న రోజులవి. ఆయన కట్టించిన చెరువు పేరు అనంతరాజ సాగరం. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని శాసనం లెక్క చెబుతుంది.

సాధారణంగా దానశాసనాల్లో రాజు వంశం, దానం వల్ల వచ్చే పుణ్యం, దానిని చెరిపినవాడికి తగిలే పాపం ఉంటాయి. పోరుమామిళ్ల శాసనం అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని వరసగా చెప్పింది. వాటిలో ముఖ్యమైనవి ఇవి: ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం చదివిన పండితుడు, గట్టి నేల, మూడు ఆమడల దూరం నుంచి పారివచ్చే తీపి నీళ్ల నది, కొండల సందు, ఆ సందులో మరీ పొడవుగాని గట్టి రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దగ్గరలోనే రాతి గని, పక్కనే సారవంతమైన చదును పొలాలు, చివరగా పని నేర్చిన మనుషుల గుంపు. ఆరు దోషాలు కూడా చెప్పింది. కట్ట చెమర్చడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం. రెండు రాజ్యాల హద్దులో చెరువు పనికిరాదని రాసినవాడికి నీటి తగాదాలు బాగా తెలిసే ఉండాలి.

ఆ చెరువు ఇప్పటికీ ఉంది. ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే జిల్లాలో ఒక కట్ట ఆరున్నర శతాబ్దాలు నిలవడం రెండేళ్ల కూలీతో అయ్యే పని కాదు. ఆ రెండేళ్ల తర్వాత ఏటా ఎవరో ఒకరు పూడిక తీయాలి, గండి పూడ్చాలి, కట్ట మీద మొలిచిన కంప కొట్టాలి. రాజు మారినా, రాజ్యమే మారినా ఈ పనులు ఆగకూడదు. రాయలసీమలో దానికొక ఏర్పాటు చేసుకున్నారు. దాని పేరు దశబంధం.

చెరువు కట్టినవాడికో, తెగిన చెరువును బాగు చేసినవాడికో ఆ ఆయకట్టులో కొంత భూమిని ఇనాంగా ఇస్తారు. కొన్నిచోట్ల విడిగా ఒక మడి రాసిస్తారు, దాన్ని ఖండ దశబంధం అన్నారు. కొన్నిచోట్ల మొత్తం ఆయకట్టు శిస్తులో భాగం ఇస్తారు, అది షామిలాతు దశబంధం. ఏ రకమైనా షరతు ఒకటే: చెరువు బాగున్నంతకాలమే ఇనాం. చెరువును పట్టించుకోకపోతే భూమి పోతుంది. కడప, అనంతపురం, బళ్లారి, చిత్తూరు వైపు ఊళ్లలో ఈ ఇనాములు తరతరాలుగా నడిచాయి. విజయనగర కాలపు శాసనాల్లో పూడిక మన్ను తోలే బండి కోసమే భూమి విడిచిపెట్టిన దాఖలాలూ ఉన్నాయి. ఒక బండి, దాని ఎద్దులు, తోలేవాడి కూలి, ఇరుసుకు ఆముదం, అన్నిటికీ ఆ పొలం పంటే ఆధారం.

దీని గొప్పతనం ఇక్కడే ఉంది. చెరువు ఇంత నిండాలి, ఇన్ని ఎకరాలు పారాలి అని ఎవరూ శాసనం చేయలేదు, వాన వాళ్ల చేతిలో లేదు కాబట్టి. చేతిలో ఉన్న పనిని మాత్రం ఎవరిదో తేల్చి, దానికి తిండి ఏర్పాటు చేశారు. ఈ రోజుల్లో ఇదే మాటను మనిషి జీవితానికి అన్వయించి చెబుతున్నారు. 2013లో అమెరికన్ కార్టూనిస్టు స్కాట్ ఆడమ్స్ గమ్యాలకన్నా పద్ధతులు మేలని రాశాడు. 2018లో జేమ్స్ క్లియర్ ‘అటామిక్ హ్యాబిట్స్’ అదే ఆలోచనను ప్రపంచమంతా తిప్పింది. జనవరి 1న పెట్టుకున్న లక్ష్యం ఫిబ్రవరికి ఎందుకు సడలుతుందో అర్థం చేసుకోవడానికి ఆ పుస్తకాలు పనికొస్తాయి. అయితే ఒక ఊరంతా కలిసి అలవాటును ఎలా నిలబెట్టుకుందో చూడాలంటే పెన్నా, పాపాఘ్ని, చిత్రావతి పరివాహక గ్రామాల చరిత్రే దగ్గర దారి.

ఆ అలవాటును నడిపింది నీరుగంటి. తూము బిరడా ఎత్తేది, దించేది అతనే. ఏ కాలవకు ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎవరి మడవ ఎప్పుడు తెంపాలో, ఎవరి వంతు అయిపోయిందో అతనికే తెలియాలి. వానాకాలంలో రాత్రిపూట కట్ట వెంట నడిచి ఎండ్రకాయల బొక్కలు, ఎలుక కలుగులు, చెమ్మ తేలిన చోట్లు చూసుకోవాలి. కట్టకు అవతలివైపు నీరు బొట్లుబొట్లుగా ఊరుతుంటే తేటగా వస్తోందా, బురదగా వస్తోందా అన్నది కీలకం. తేట నీరైతే తెల్లవారి చూడొచ్చు. బురద నీరంటే లోపల మన్ను కొట్టుకుపోతోందని గుర్తు, అప్పటికప్పుడు ఊరిని లేపాలి. చెరువు నిండి మరవ పారుతుంటే ఊరికి పండగ, నీరుగంటికి మాత్రం నిద్ర లేని రాత్రి. కూలి కళ్లంలోనే ముట్టేది. కుప్ప నూర్చాక ప్రతి రైతూ ఇంత మేర అని ధాన్యం కొలిచి ఇచ్చేవాడు.

దీన్ని స్వర్ణయుగంగా చెప్పుకోవడం తప్పు. చాలా ఊళ్లలో ఈ పని దళిత కుటుంబాలకు పుట్టుకతో అంటగట్టిన చాకిరీ. కట్ట కాచినవాడికి ఆ నీటి కింద సొంత మడి ఉండటం అరుదు. మేర కొలిచేటప్పుడు అతను దూరంగా నిలబడాల్సి వచ్చేది. ఏర్పాటు తెలివైనదే, న్యాయమైనది కాదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పుకోవాలి.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఊరూరా తిరిగి భూములు కొలిపించాడు. ఇక్కడ కొత్త చెరువులు కట్టే ప్రయత్నం దండగని, చెరువుకు అనువైన చోటల్లా జనం ఎప్పుడో కట్టేసుకున్నారని ఆయన తేల్చి రాశాడు. పరాయి పాలకుడి నోట వచ్చిన ఈ మాట కన్నా పెద్ద యోగ్యతాపత్రం ఉండదు. అయినా ఆ తర్వాతి పాలన చెరువును ఊరి చేతి నుంచి మెల్లగా తప్పించింది. 1858లో ఇనాం కమిషన్ వచ్చి ఇనాములన్నిటినీ తిరగేసింది. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చి, కట్ట తెగే ప్రమాదం వస్తే రైతులను పనికి పిలిచే అధికారం తీసుకుంది. వాడుకగా జరిగే మరమ్మతుకు చట్టంతో బలవంతం చేయాల్సి వచ్చిందంటే ఆ వాడుక అప్పటికే సడలిందన్నమాట. 1876లో ధాత కరువు వచ్చి సీమను పీల్చి పిప్పి చేసింది. ఆ తర్వాత 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. పథకం వస్తుంది, డబ్బు అయిపోతుంది, పోతుంది. చెరువుల పేరిట అప్పటి నుంచి నేటిదాకా వచ్చిన పథకాలన్నిటిదీ దాదాపు ఇదే నడక.

పులివెందుల వైపు కథ బావిది. ఇక్కడి రైతు ఇంటి అలవాటు కపిల. తెల్లవారుజామునే ఎద్దుల జతను కట్టి, మోకుకు వేలాడే తోలు బానను బావిలోకి దించుతాడు. బాన మునిగి నిండగానే ఎద్దులు వాలు దారిలో దిగుతాయి, మనిషి మోకు మీద కూర్చుని బరువు కలుపుతాడు, గిలక కిర్రుమంటుంది. పైకి వచ్చిన బాన తొండం గుండా తొట్టిలో కుమ్మరిస్తుంది. ఎద్దులు మళ్లీ వెనక్కి ఎక్కుతాయి. లెక్క తప్పకుండా ఉండటానికీ, ఒళ్లు అలసట మరచిపోవడానికీ కపిల పాటలు పుట్టాయి. ఒక జత ఎద్దులు ఒక పూటలో ఎన్ని బానలు తోడగలవో రైతుకు తెలుసు, మడి అంతే వేసేవాడు. బావికి ఊట తిరిగి చేరడానికి రాత్రంతా సమయం దొరికేది.

కరెంటు మోటారు ఈ కష్టాన్ని తీసేసింది, ఎద్దు వెంట ఒళ్లు హూనం చేసుకున్న తరానికి అది నిజమైన విముక్తి. 2004 మేలో, పులివెందుల ఎమ్మెల్యే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయగానే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలుపై సంతకం పెట్టారు. చీనీ తోటలు, అరటి తోటలు విస్తరించాయి. బోరు మాత్రం లోతుకు, ఇంకా లోతుకు పోయింది. ఎద్దుల అలసట రూపంలో ఉన్న కొలత పోయాక దాని స్థానంలో మరో కొలత రాలేదు.

ఆ కొలతను తిరిగి తేవడానికి ఒక మంచి ప్రయత్నం జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ‘ఏపీఫామ్స్’ అనే ప్రాజెక్టు కడప సహా ఏడు కరువు జిల్లాల్లో కొన్నేళ్లు నడిచింది. రైతులే వర్షమాపకంలో రోజూ వాన కొలిచి రాసేవారు. పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం చూసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఎంత నీరుంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని బడ్జెట్ వేసేవారు. లెక్కలు ఊరి గోడ మీద అందరికీ కనిపించేలా ఉండేవి. వరి మానమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, మానితే డబ్బు ఇస్తామనీ అనలేదు. చాలాచోట్ల రైతులు తమంతట తామే నీటి వాడకం తగ్గించుకున్నారని ప్రపంచ బ్యాంకు 2010లో ప్రచురించిన నివేదిక మెచ్చుకుంది. తర్వాత వెళ్లి చూసిన పరిశోధకులు కొందరు ఫలితం అంత స్పష్టంగా లేదన్నారు. ప్రాజెక్టు ముగిశాక కొలిచేవాడికి ఆధారం ఏమిటన్నది దశబంధం ఏనాడో జవాబు చెప్పిన ప్రశ్న. ఈ కాలం దాన్ని అడగడమే మరచిపోయింది.

అలా ముగిసిపోకుండా నిలిచిన ఏర్పాటు కూడా ఉంది: స్పెయిన్‌లోని వలెన్సియా నగరపు సాగునీటి పంచాయితీ. శతాబ్దాలుగా ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద చర్చి తలుపు ముందు రైతుల ప్రతినిధులు కూర్చుంటారు, నోటిమాటగానే తీర్పు చెబుతారు. తగాదా లేకపోయినా ఆ వారం కూర్చోవడం మానరు. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

ఇక మన కడప జిల్లాలోనే 2021 నవంబర్ 19న ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెల్లవారుజామున కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు మునిగాయి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ రోజు వచ్చిన వరద ప్రాజెక్టు తట్టుకోగల దానికన్నా ఎక్కువ, అది నిజం. కానీ ఉన్న అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదన్నదీ నిజమే.

గండికోటలో ఇప్పుడు 26 టీఎంసీలకు పైగా నీరు నిలుపుకోగల జలాశయం ఉంది. పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు పులివెందులకు నీళ్లిస్తోంది. వీటిని కట్టడానికి పార్టీలకు అతీతంగా అందరూ పట్టుపట్టారు. అదే పట్టుదలతో ప్రతి తూముకూ, ప్రతి గేటుకూ నెలజీతం మీద, కులంతో పనిలేకుండా, ఒక నీరుగంటిని పెట్టాలి. అతను చూసిన లెక్క నెలనెలా గ్రామసభలో చదివించాలి. జిల్లా రైతులు వచ్చే గ్రామసభలోనే ఈ మాట అడగాలి.