చెరగని ముద్ర

మెట్టకూరులో మా నాయనమ్మ ముంజేతిమీద తేలు పచ్చబొట్టు ఉండేది. చిన్ననాడు వంకరగా కుదిరిన చుక్కలను పెద్దయ్యాక అలా కప్పించుకున్నదట. ఎరుకలసాని సూదులతో పొడుస్తూ, నొప్పి మరపించడానికి పాట ఎత్తుకునేదట. ఆపైన పసుపు అద్దేదట. ఎరుకల స్త్రీల ఈ విద్య గురించి థర్‌స్టన్ 1909లో అచ్చైన గ్రంథంలో రాశాడు.

రెండేళ్లకే, 1911లో, ఆంగ్లప్రభుత్వం నేరస్థ జాతుల చట్టాన్ని మద్రాసు రాజధానికీ వర్తించేలా తిరగరాసింది. ఎరుకలవారి పేర్లు పోలీసు పుస్తకాలకెక్కాయి, వేలిముద్రలు తీసుకున్నారు. ఫ్రెంచి ఏలుబడిలోని యానాం ఆ చట్టానికి వెలుపల ఉండేది.

1952లో చట్టం రద్దయింది. ఊరందరికీ పచ్చబొట్లు పొడిచినవారిమీద సర్కారు పొడిచిన ముద్రను మాత్రం ఏ తేలుబొమ్మా కప్పలేకపోయింది. దాని నొప్పి మరపించే పాట కూడా ఎవరూ కట్టలేదు.