బీటిల్స్ చీలిక: అభిమానుల కథ, కోర్టు కాగితాల కథ

లివర్‌పూల్ శివార్లలోని వూల్టన్‌లో, 1957 జూలై 6న ఒక చర్చి ఉత్సవంలో పదహారేళ్ల జాన్ లెనన్‌కు పదిహేనేళ్ల పాల్ మెకార్ట్నీ పరిచయమయ్యాడు. పాల్‌కు అప్పటికే తల్లి లేదు. మరుసటి ఏడు జాన్ తల్లి కారు ప్రమాదంలో పోయింది. ఆ దుఃఖమే ఇద్దరినీ దగ్గర చేసిందంటారు. పాట ఎవరు కట్టినా ఇద్దరి పేర్లూ వేసుకోవాలని కుర్రతనంలోనే అనుకున్నారు. జార్జ్ హారిసన్, రింగో స్టార్ కూడా కలిశాక 1962 నుంచి ఆ నలుగురే బీటిల్స్.

వారి పాటలను ప్రేమించినవారు పాటలతో ఆగలేదు. ఎవరికి ఎవరంటే ఇష్టం, ఏ పాట ఎవరిని ఉద్దేశించింది అని నేటికీ వెతుకుతూనే ఉన్నారు. అందుకు ఆధారం లేకపోలేదు. 1971లో పాల్ ‘టూ మెనీ పీపుల్’లో జాన్‌కు చురక వేస్తే, జాన్ అదే ఏడు ‘హౌ డూ యూ స్లీప్?’తో బదులు తీర్చుకున్నాడు. మరి ఇంత స్నేహం ఎందుకు చెడింది? జాన్ పెళ్లాడిన జపాను వనిత యోకో ఓనో వల్లనే అని చాలామంది తీర్మానించారు. మన ఇళ్లలో అన్నదమ్ములు వేరుపడితే కొత్తకోడలిని ఆడిపోసుకోవడం లేదూ, అలాగే!

కామర్సు చదివి బ్యాంకులో చేరిన నాకు మాత్రం ఇది భాగస్వామ్య సంస్థ వ్యవహారంగా కనిపిస్తుంది. వ్యవహారాలు చూసే బ్రయాన్ ఎప్‌స్టైన్ 1967 ఆగస్టులో మరణించాడు. ఆ స్థానంలోకి అలెన్ క్లైన్ రావాలని 1969లో ముగ్గురన్నారు. పాల్ తన మామగారి పక్షాన్ని కోరాడు. ఆ సెప్టెంబరులో, తాను వెళ్లిపోతున్నానని మొదట చెప్పినవాడు జాన్. కొత్త ఒప్పందాలు చెడిపోకుండా ఆ మాట దాచారు. 1970 ఏప్రిల్‌లో పాల్ ప్రకటన వెలువడేసరికి నింద అతని మీద పడింది. క్లైన్ పట్టునుంచి బయటపడాలంటే భాగస్వాముల మీదే దావా వేయక తప్పలేదు. 1970 డిసెంబరు 31న పాల్ లండన్ హైకోర్టుకెక్కాడు. తన సమ్మతి లేకుండా క్లైన్‌ను నియమించారనీ, ఆడిటైన లెక్కలు తనకు చూపలేదనీ అతని ఫిర్యాదు. 1971 మార్చిలో కోర్టు రిసీవరును వేసింది. 1975 జనవరికి భాగస్వామ్యం రద్దయింది.

భాగస్వాములు పోట్లాడుకున్న ఖాతాలు బ్యాంకులో నేనూ చూశాను. నిజంగా అభిమానం ఉన్నచోటే ఆ కాగితాల్లో మాటలు ఎక్కువ కరుకుగా ఉంటాయి.

1969 జనవరిలో తీసిన చిత్రాలనుంచి పీటర్ జాక్సన్ 2021లో ‘గెట్ బ్యాక్’ కూర్చాడు. అందులో జార్జ్ అలిగి వెళ్లిపోవడమూ ఉంది, జాన్, పాల్ పగలబడి నవ్వడమూ ఉంది. యోకో ఎక్కువసేపు పక్కన కూర్చుని తన పని తాను చూసుకుంటూ కనిపిస్తుంది. ఆమె బృందాన్ని విడగొట్టలేదని పాల్ స్వయంగా 2012లో చెప్పాడు. అప్పటికి ఆమె నాలుగు దశాబ్దాలకు పైగా ఆ నింద మోసింది.

అభిమానులను నేను తప్పుపట్టను. రెండు గొంతులు అంతగా కలిసినప్పుడు ఆ మనుషులూ విడిపోకూడదని అనిపించడం సహజం. కాని ఆ కోరిక తీరనప్పుడు దోషిని వెతకడం చరిత్ర కాదు. 1965లో ‘ఎస్టర్‌డే’ రికార్డింగులో నలుగురిలో పాల్ ఒక్కడే ఉన్నాడు. ఆ పాట కింద నేటికీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కుర్రతనంలో అనుకున్న ఆ మాటను ఏ కోర్టూ రద్దు చేయలేదు.