ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రంగుల మార్పు

ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రంగుల మార్పు అనగా లినక్స్, యూనిక్స్ తరహా నిర్వాహక వ్యవస్థలలో వాడే ఎక్స్‌స్క్రీన్‌సేవర్ అను సాఫ్టువేరులోని బొమ్మల రంగులను, దాని సోర్సు కోడును సవరించి మార్చుకొనే పద్ధతి. సోర్సు కోడు అందుబాటులో ఉన్నందువలన ఇది సాధ్యమవుతున్నది. సీ భాషను కొత్తగా నేర్చుకొనే విద్యార్థులకు, ఇతరులు వ్రాసిన పెద్ద ప్రోగ్రామును చదివి, అందులో ఒక చిన్న మార్పు చేసి, ఫలితాన్ని వెంటనే కంటితో చూసుకొనుటకు ఇది మంచి అభ్యాసము.

నేపథ్యము

పాత గాజుగొట్టపు తెరలలో ఒకే దృశ్యం గంటల తరబడి నిలిచి ఉంటే లోపలి భాస్వర పూత అరిగి, ఆ దృశ్యపు నీడ తెరపై శాశ్వతంగా మిగిలిపోయేది. దీనిని నివారించుటకు స్క్రీన్‌సేవర్లు పుట్టినవి. ఎల్‌సీడీ తెరలకు ఈ బాధ అంతగా లేదు. ఓఎల్‌ఈడీ తెరలలో మాత్రం ఇటువంటి మరక ఏర్పడే అవకాశం ఉన్నది. ఇప్పుడు స్క్రీన్‌సేవరు ముఖ్య ప్రయోజనం, మనిషి లేని వేళ తెరకు తాళం వేయడమే.

ఎక్స్‌స్క్రీన్‌సేవరును జేమీ జావిన్‌స్కీ 1992లో మొదటిసారి విడుదల చేశాడు. ఇతడు తరువాతి కాలంలో నెట్‌స్కేప్, మొజిల్లా పనులలో పేరు పొందిన ప్రోగ్రామరు. ఈ సంకలనంలో అనేకులు వ్రాసిన 200కు పైగా దృశ్యాలు ఉన్నవి. వీటిని ఆ ప్రాజెక్టులో 'హ్యాక్‌లు' అని పిలుస్తారు. 2006 నుండి ఇది మ్యాక్ కంప్యూటర్లకు కూడా లభిస్తున్నది. దీని లైసెన్సు చాలా ఉదారమైనది: కాపీహక్కు ప్రకటనను అలాగే ఉంచినంతవరకు, వాడుకొనుటకు, మార్చుటకు, పంచుటకు, అమ్ముటకు కూడా అనుమతి ఉన్నది.

నిర్మాణము

ఎక్స్‌స్క్రీన్‌సేవరులో రెండు భాగాలు వేరువేరుగా ఉంటాయి.

1. కాపలా ప్రోగ్రాము: వాడుకరి ఎంతసేపు కదలకుండా ఉన్నాడో గమనించి, తెరకు తాళం వేసి, సంకేతపదం అడుగుతుంది.
2. హ్యాక్‌లు: ఒక్కొక్కటి ఒక స్వతంత్ర ప్రోగ్రాము. బొమ్మ గీయడమే వీటి పని.

ఈ విభజన కేవలం సౌకర్యం కొరకు చేసినది కాదు. హ్యాక్‌లో తప్పు దొర్లి అది మధ్యలో ఆగిపోయినా, తాళం తీయబడదు. తెర నల్లగా మారుతుందే కాని, లోపలి ఫైళ్ళు ఎవరికీ కనబడవు. తాళం వేసే ప్రోగ్రామే కూలిపోతే మాత్రం కంప్యూటరు తెరిచిన తలుపు వంటిది. అందువలన ఆ భాగాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచుతారు. 2021లో వచ్చిన 6.00 వెర్షనులో సంకేతపదం అడిగే పనిని, బొమ్మల నిర్వహణను కూడా విడివిడి ప్రోగ్రాములుగా చేశారు. కాబట్టి రంగులు మార్చదలచినవారు హ్యాక్‌ల సోర్సును మాత్రమే ముట్టుకోవాలి. కాపలా ప్రోగ్రామును ముట్టుకోరాదు.

కోడు మార్చకుండా చేయగల మార్పులు

చాలా హ్యాక్‌లు ముందుభాగపు రంగు, వెనుకభాగపు రంగు, మొత్తం రంగుల సంఖ్య వంటివాటిని ఐచ్ఛికాలుగా స్వీకరిస్తాయి. వీటిని హోము డైరెక్టరీలో, చుక్కతో మొదలయ్యే ఎక్స్‌స్క్రీన్‌సేవర్ అను పేరుగల ఫైలులో, ఆయా ప్రోగ్రాము పేరు ప్రక్కన వ్రాయవచ్చు. ముందుగా ఈ మార్గం చూడడం మేలు. ఐచ్ఛికం లేనిచోట మాత్రమే కోడు అవసరమవుతుంది.

ఉదాహరణ: జీఎల్‌మ్యాట్రిక్స్

1999లో విడుదలైన 'ది మ్యాట్రిక్స్' చలనచిత్రంలో ఆకుపచ్చ అక్షరాలు వానవలె జారిపడే దృశ్యమునకు అనుకరణగా ఎక్స్‌మ్యాట్రిక్స్, తరువాత త్రిమితీయ రూపంలో జీఎల్‌మ్యాట్రిక్స్ వ్రాయబడినవి. ఇక్కడ ఆకుపచ్చ రంగు ఒక చోట సంఖ్యగా వ్రాసి లేదు. అక్షరాలన్నీ ఒక బొమ్మ ఫైలులో ఉంటాయి. ప్రోగ్రాము ఆ బొమ్మలోని ప్రతి బిందువునకు ఈ క్రింది పనులు చేస్తుంది.

* బిందువులోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను విడదీస్తుంది. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉంటుంది.
* ఆకుపచ్చ విలువను ఆల్ఫాగా, అనగా అపారదర్శకత కొలతగా, తీసుకుంటుంది.
* ఆ తరువాత ఆకుపచ్చను 255కు పెంచుతుంది.
* నాలుగు విలువలను తిరిగి కలిపి బిందువులో ఉంచుతుంది.

ఎరుపు అక్షరాలు కావలెనన్న, ఆల్ఫాను తీసుకొన్న తరువాత ఎరుపును 255గాను, ఆకుపచ్చ, నీలం విలువలను సున్నాగాను చేయాలి. పాత తెరలలోని కాషాయపు ఛాయ కొరకు ఎరుపు 255, ఆకుపచ్చ 176, నీలం 0 ఇవ్వవచ్చు. ఇక్కడ వరుస ముఖ్యము. ఆకుపచ్చను ముందే సున్నా చేసి, ఆ తరువాత ఆల్ఫాను తీసుకొంటే ఆల్ఫా కూడా సున్నా అవుతుంది. అప్పుడు ప్రోగ్రాము ఏ దోషసందేశమూ ఇవ్వదు, తెరపై ఏమీ కనిపించదు. క్రొత్తవారు ఎక్కువగా పొరబడే చోటు ఇదే.

ఎమ్మిగనూరు చేనేతకు, దాని సమీపంలోని ఆదోని పత్తి వ్యాపారానికి పేరు పొందినవి. ఆ పశ్చిమ కర్నూలు ప్రాంతపు పాఠకులకు ఈ విషయం మగ్గం ద్వారా సులభంగా బోధపడుతుంది. జకార్డు అమర్చిన మగ్గంలో అట్టలకున్న రంధ్రాలు ఏ పడుగు పోగులు పైకి లేవాలో నిర్ణయిస్తాయి. నాడెలో ఏ రంగు పేక ఉన్నదో అట్టలకు తెలియదు. అదే అట్టలతో పేక రంగు మార్చి నేసినచో అదే అల్లిక వేరొక రంగులో వస్తుంది. జీఎల్‌మ్యాట్రిక్స్‌లో ఆల్ఫా అల్లిక వంటిది, మిగిలిన మూడు విలువలు పేక వంటివి.

రంగుల పట్టికలు

పలు రంగులు వాడే ద్విమితీయ హ్యాక్‌లలో అధికభాగం, ఉమ్మడిగా ఉన్న రంగుల ఫంక్షన్లను పిలుస్తాయి. ఇవి వర్ణం, గాఢత, వెలుగు అను మూడు కొలతలను ఉపయోగిస్తాయి. వర్ణమును వృత్తంపై కోణంగా కొలుస్తారు: ఎరుపు 0, పసుపు 60, ఆకుపచ్చ 120, నీలం 240 డిగ్రీలు. రెండు వర్ణాల మధ్య క్రమంగా మారే పట్టికను తయారుచేసే ఫంక్షనుకు రెండు చివరల విలువలు ఇచ్చిన చాలును. ఎక్స్ విండో వ్యవస్థలో ఒక్కొక్క రంగు విలువ 0 నుండి 65,535 వరకు ఉంటుంది. కాబట్టి 255 కొలతలోని సంఖ్యను 257తో గుణించాలి. ఈ గుణకారం మరచిన రంగులు దాదాపు నల్లగా కనబడతాయి.

చేయు విధానము

1. సోర్సు కోడును, దానితోబాటు సీ కంపైలరును, ఎక్స్, ఓపెన్‌జీఎల్ అభివృద్ధి ప్యాకేజీలను తెచ్చుకోవాలి.
2. మార్చబోయే ఫైలుకు ఒక నకలు ఉంచుకోవాలి.
3. మార్పు చేసి, 'కాన్ఫిగర్', 'మేక్' ఆదేశాలు నడపాలి. లైనుల సంఖ్య వెర్షనును బట్టి మారుతుంది. అందువలన లైను సంఖ్యతో కాక 'ఆల్ఫా' వంటి పదంతో వెదకవలెను.
4. తయారైన హ్యాక్‌ను నేరుగా నడిపితే అది మామూలు కిటికీలో తెరుచుకుంటుంది. అక్కడే పరీక్షించవచ్చు.
5. సరిగా ఉంటే దానికి వేరే పేరు పెట్టి, పైన చెప్పిన ఫైలులోని ప్రోగ్రాముల జాబితాలో చేర్చాలి. పాత పేరుతోనే ఉంచితే, పంపిణీ సంస్థ తరువాతి నవీకరణలో మన మార్పు చెరిగిపోతుంది.

మార్పులు, బాధ్యత

సోర్సు మార్చే స్వేచ్ఛతో కొన్ని వివాదాలు కూడా వచ్చినవి. జావిన్‌స్కీ తన ప్రోగ్రాములో, వెర్షను బాగా పాతబడితే వాడుకరిని హెచ్చరించే సందేశమును చేర్చాడు. పాత వెర్షనునే చాలాకాలం పంచే డెబియన్‌లో ఇది 2016లో చర్చనీయాంశమైనది. హెచ్చరికను తొలగించుటకు లైసెన్సు అడ్డు కాదు. కాని అలా తొలగించిన పక్షంలో, ఎప్పుడో సరిచేసిన దోషాల గురించి వాడుకరులు తనకే ఫిర్యాదు చేస్తారని అతని అభ్యంతరము. తమ మార్పును ఇతరులకు పంచేవారు పేరు మార్చి, ఏమి మార్చారో వ్రాసి ఉంచడం ఈ కారణం చేతనే మంచి ఆచారముగా పరిగణింపబడుతున్నది.

ఇవి కూడా చూడండి

* లినక్స్
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* సీ (ప్రోగ్రామింగు భాష)
* జకార్డు మగ్గం
* ఎమ్మిగనూరు
* ఆదోని