విమానాల మెయింటెనెన్స్ చదువు: ఫీజు కట్టే ముందు తెలుసుకోవాల్సినవి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాడల్లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెలియని ఇల్లు తక్కువ. గల్ఫ్‌కు కూలికి పోయే కొడుకును, తమ్ముడిని సాగనంపిన చోటు అది. అక్కడే విమానాన్ని తనిఖీ చేసి, రిపేరు చేసి, 'ఇది ఎగరొచ్చు' అని సంతకం పెట్టే ఉద్యోగం కూడా ఉందని మన పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. ఇంటర్ ఎంపీసీ చదివే దళిత విద్యార్థుల కోసం, వాళ్లకు దారి చూపే కార్యకర్తల కోసం ఈ వివరాలు ఇస్తున్నాం.

లైసెన్సే అసలు కాగితం

ఈ ఉద్యోగాన్ని ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్, పొట్టిగా ఏఎంఈ అంటారు. కాలేజీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఏఎంఈ కారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ లైసెన్స్ ఇవ్వాలి. ఏరోనాటికల్ బీటెక్ వేరు, ఇది వేరు. ఆ డిగ్రీతో లైసెన్స్ దానంతట అది రాదు.

ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ చదివినవాళ్లు, మూడేళ్ల ఇంజినీరింగ్ డిప్లొమా చేసినవాళ్లు ఈ దారిలో వెళ్లొచ్చు. లైసెన్స్‌లో ముఖ్యంగా రెండు రకాలు. బీ1 వాళ్లు ఇంజిన్, బాడీ, మెకానికల్ పనులు చూస్తారు. బీ2 వాళ్లు రేడియో, నావిగేషన్, ఎలక్ట్రానిక్ వ్యవస్థలు చూస్తారు. పెద్ద జెట్ విమానాలకు కావాల్సింది బీ1.1.

డీజీసీఏ పరీక్షలు మాడ్యూళ్లుగా ఉంటాయి. ఒక్కో దాంట్లో 75 శాతం రావాలి. పరీక్ష ఇంగ్లిష్‌లోనే. కోర్సు పూర్తయ్యాక కూడా నడుస్తున్న విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. ఫలానా రకం విమానానికి సంతకం పెట్టాలంటే ఆ రకంపై విడిగా శిక్షణ, అనుమతి ఉండాలి. అంటే రెండేళ్లలో ఉద్యోగం చేతికొస్తుందని ఎవరైనా చెబితే అది సగం మాటే.

కాలేజీని అడగాల్సినవి

ఫీజు లక్షల్లో ఉంటుంది. మగ్గం మీద, బీడీల మీద, గల్ఫ్ కూలి మీద బతికే ఇంటికి అది అప్పే. అందుకే ముందే అడగాలి. కార్-147 కింద డీజీసీఏ అనుమతి ఉందా? ఏ కేటగిరీకి? ఇప్పటికీ అమల్లో ఉందా? ప్రాక్టికల్ ఏ హ్యాంగర్‌లో చేయిస్తారు? పోయిన బ్యాచ్‌లో ఎంతమందికి లైసెన్స్ వచ్చింది? అనుమతి ఉన్న సంస్థల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. బ్రోచర్ నమ్మకుండా ఆ జాబితాలో కాలేజీ పేరు వెతకండి.

డబ్బు సంగతి

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్ర నిబంధనల ప్రకారం కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షల రూపాయలు. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలి. మీరు చేరే కాలేజీ, కోర్సు రెండూ తెలంగాణ ఈపాస్‌లో ఉన్నాయో లేదో చేరకముందే చూసుకోవాలి. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో డీజీసీఏ ఆమోదించిన కోర్సులకు చోటుంది. 4 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. క్రెడిట్ గ్యారంటీ పథకం కింద 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. ఎన్‌ఎస్‌ఎఫ్‌డీసీ విద్యారుణం గురించి ఎస్సీ కార్పొరేషన్ జిల్లా ఆఫీసులో అడగండి. ఎవరు కాదన్నా కారణం రాతపూర్వకంగా తీసుకోండి.

ఉద్యోగాలు ఎవరి చేతిలో

శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ విమానాల మెయింటెనెన్స్ చేస్తోంది. సాఫ్రాన్ లీప్ ఇంజిన్ల కేంద్రానికి 2025 నవంబర్‌లో ప్రారంభోత్సవం జరిగింది. పని మన రాష్ట్రానికే వచ్చింది. కానీ ఇవి ప్రైవేటు, ఇక్కడ రిజర్వేషన్ లేదు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి పోవడంతో అక్కడి రిజర్వేషన్ కూడా పోయింది. ఆ అమ్మకంలో కలపని ఇంజినీరింగ్ విభాగం ఏఐఈఎస్‌ఎల్ నోటిఫికేషన్లు, హెచ్‌ఏఎల్ అప్రెంటిస్ ప్రకటనలు గమనిస్తూ ఉండాలి.

విద్యార్థి ఒక్కడే ఇవన్నీ తెలుసుకోవడం కష్టం. గురుకుల జూనియర్ కాలేజీల్లో ఇంటర్ రెండో ఏడాదిలోనే ఈ దారి గురించి చెప్పించాలి. ఏఎంఈ కోర్సు ఫీజును ఎస్సీ సంక్షేమ నిధుల నుంచి కట్టాలని, ప్రభుత్వ రాయితీలు పొందే కంపెనీల్లో మన పిల్లలకు శిక్షణ సీట్లు ఇవ్వాలని సంఘాలు అడగాలి. ఎయిర్‌పోర్టుకు మన పిల్లలు కూలి వీసాతోనే కాదు, లైసెన్స్‌తోనూ పోవాలి.