నిదానపు బండికీ పందెం: ఒక సింహావలోకనం

1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాడు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మరికొన్ని విడదీసి చిత్తూరు జిల్లాను ఏర్పరిచారు. ఆ గీతలు మనుషులకు, శిస్తులకు పనికొచ్చాయి గాని పశువులకు పట్టలేదు. పడమట పలమనేరు, కుప్పం వైపు మైసూరు సీమ హళ్లికారు ఎద్దులు తిరిగేవి. సన్నని ఒళ్లు, వెనక్కి వంగిన పొడుగాటి కొమ్ములు, పరుగుకే పుట్టినట్టుండే కాళ్లు వాటివి. తూర్పు నుంచి ఒంగోలు జాతి వచ్చింది. పెద్ద మూపురంతో బరువు లాగడంలో దానికి సాటి లేదు. ఈ రెంటి నడుమ మనిషి నడుముకు మించని పుంగనూరు పశువు. ఇన్ని కొలతల జీవాలున్న నేల మీద పందెం అనగానే మొదట తేల్చుకోవలసింది ఎవరు గెలుస్తారన్నది కాదు, ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టాలన్నది. ఎద్దులకైనా, గుర్రాలకైనా, ఇవాళ కుర్రకారు ఊగిపోతున్న డ్రాగ్ రేసుకైనా ఈ చిక్కు ఒకటే. నిదానంగా పోయే బండికి పోటీలో చోటెక్కడ? దానికి దొరికిన జవాబుల చరిత్ర వందేళ్లకు పైబడినది, అందులో మన పల్లెల వాటా చిన్నదేమీ కాదు.

వేలూరు, తిరుపత్తూరు, కృష్ణగిరి జిల్లాల్లో సంక్రాంతి దాటాక ‘ఎరుదు విడుం విళా’ జరుగుతుంది. తమిళనాడు సరిహద్దుకు ఇవతల కుప్పం, పలమనేరు పల్లెల్లోనూ పండుగకు ఎద్దులను పరిగెత్తిస్తారు. ఈ ఆటలో రెండు వైపులా దడి కట్టిన దారిలో ఎద్దును ఒంటరిగా వదులుతారు. నిర్ణీత దూరాన్ని ఎంత తక్కువ సమయంలో దాటిందో చూసి బహుమతి ఇస్తారు. ఎద్దు పోటీ గడియారంతోనే. తిన్నని దారి, కొలిచిన దూరం, సెకన్ల లెక్క: డ్రాగ్ రేసుకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి, పక్క వరుసలో మరో పోటీదారు తప్ప. చంద్రగిరి మండలం రంగంపేట పశువుల పండుగ తీరు వేరు. కొమ్ములకు కట్టిన పలకలను చేజిక్కించుకోవడమే అక్కడి ఆట, వేగానికి కొలత లేదు. గడియారం పక్షపాతం ఎరుగదు, నిజమే. కానీ అది దయ కూడా ఎరుగదు. వేగంగల ఎద్దు ఏటా గెలుస్తుంది, నిదానపు ఎద్దు యజమాని ఏటా చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. కొన్నాళ్లకు అతడు ఎద్దును తోలుకురావడం మానేస్తాడు. పందెం పల్చబడటం మొదలయ్యేది అక్కడే.

ఈ సంగతిని బాగా పసిగట్టినవాళ్లు బండ లాగుడు పోటీల పెద్దలు. ప్రకాశం, గుంటూరు మొదలు కర్నూలు తదితర రాయలసీమ తిరునాళ్ల దాకా పాకిన ఈ పోటీలో ఎడ్ల జత ఒక రాతి బండను నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. జతలన్నిటినీ ఒక గాటన కట్టకుండా వాళ్లు నోరు తెరిచి పండ్లు చూశారు. పశువుకు పై దవడలో ముందు పండ్లు ఉండవు. కింది దవడలోని ఎనిమిది పాలపండ్లు జతజతగా ఊడి, వాటి స్థానంలో శాశ్వత దంతాలు వస్తాయి. మొదటి జత రెండేళ్లు దాటాక, మిగిలినవి ఒకదాని వెనుక ఒకటిగా నాలుగేళ్లు దాటేదాకా. అందువల్ల పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని విభాగాలు ఏర్పడ్డాయి. బండ బరువూ దాన్ని బట్టే మారుతుంది. పండ్లన్నీ వచ్చిన ఎద్దుల దగ్గర ఈ కొలత పనిచేయదు గనుక జూనియర్స్, సీనియర్స్ వచ్చాయి. పుట్టిన తేదీ రాసిపెట్టే అలవాటు లేని రోజుల్లో యజమాని మాట మీద గాక ఎద్దు నోటి మీదే ఆధారపడిన ఈ పద్ధతికి నేను ముగ్ధుణ్ని.

వీటన్నిటిలో నాకు గొప్పగా తోచేది సేద్యపు ఎడ్ల విభాగం. ఏడాదంతా పందెం కోసమే ఉలవలు పెట్టి మేపిన గిత్తల ముందు, నిన్నటిదాకా మడక దున్నిన ఎద్దు నిలవలేదు. దానికంటూ ఒక వరుస కేటాయించడంతో, పేరున్న గిత్తలు కొనలేని రైతు కూడా పందెంలో నిలిచాడు.

గుర్రప్పందేల వాళ్లు ఇంకో దారి పట్టారు. మద్రాసు గిండీలో గాని, హైదరాబాదు మలక్‌పేటలో గాని హ్యాండికాప్ పందెమంటే మేలైన గుర్రం మీద ఎక్కువ బరువు, తక్కువ గుర్రం మీద తక్కువ బరువు మోపడం. బలాన్ని బరువుతో సరిచేస్తారు. ఇంగ్లండులో 1907లో తెరిచిన బ్రూక్‌ల్యాండ్స్ ట్రాకు ఈ ఆలోచననే కార్లకు మళ్లించింది. ఎబుల్‌వైట్ అనే అధికారి లెక్కకట్టి నిదానపు కార్లను ముందుగా, వేగంగలవాటిని ఆ తర్వాత వదిలేవాడు. ఈ పద్ధతికి మొదటినుంచీ ఒక తెగులు పట్టుకుంది. ఈసారి కావాలని వెనుకబడితే వచ్చేసారి వెసులుబాటు దొరుకుతుంది. కళ్లెం బిగించి గుర్రాన్ని ఓడించడం ఎరిగినవాళ్లు బ్రేకు తొక్కి కారును ఓడించడం నేర్చుకోలేరా?

మనకు చేరువలో మోటారు పందెం రూపు దిద్దుకున్నది షోళవరంలో. మద్రాసు నుంచి గూడూరు వైపు వచ్చే దారిలో, రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే అది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని దశాబ్దాలపాటు దేశంలోని పేరున్న పందేల చోటుగా నిలబెట్టింది. ఫియట్లు, హెరాల్డులు అక్కడ ఇంజను సి.సి.ని బట్టి తరగతులుగా పరిగెత్తేవి. పండ్ల లెక్కకు ఇది ఇనుప రూపం. అయితే పండును మార్చలేం, ఇంజనును మార్చవచ్చు. తరగతి ఎంత చిన్నదైనా దానిలో డబ్బున్నవాడి ఇంజనే నున్నగా తిరుగుతుంది. దీనికి కోయంబత్తూరు కరివర్ధన్ 1988లో ఒక విరుగుడు కనిపెట్టాడు: మారుతి 800 ఇంజనుతో అందరికీ ఒకే రకం, తక్కువ ఖర్చు రేసు కారు, ఫార్ములా మారుతి. తర్వాతి కాలంలో ఫార్ములా వన్‌కు ఎక్కిన నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు ఆ కారులోనే వేశాడు.

కానీ అది రేసు కారు కొనగలవాడికి. ఇంట్లో ఉన్న పాత బండితోనే వచ్చేవాడి మాటేమిటి? 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా విమానాశ్రయంలో సి.జె. హార్ట్ డ్రాగ్ పందేలు మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే డ్రాగ్ పందేల సంస్థను స్థాపించాడు. పావు మైలు, అంటే 402 మీటర్లు, కదలకుండా నిలిచిన చోటినుంచి. 1963లో ‘క్రిస్మస్ ట్రీ’ అనే దీపాల స్తంభం వచ్చాక ఒక్కో వరుసకు వేరువేరు సమయంలో పచ్చదీపం వెలిగించడం కుదిరింది. 1970లలో సామాన్యుల మధ్య బ్రాకెట్ రేసింగ్ పాతుకుపోయింది. ఇక్కడ తన బండి ఎంత సమయంలో గీత దాటుతుందో పోటీదారే ముందు ప్రకటించాలి. ఒకడు 20 సెకన్లనీ ఇంకొకడు 14 అనీ చెబితే, మొదటివాడికి ఆరు సెకన్ల ముందే దీపం పడుతుంది. పాత తెగులుకు మందు ఇందులోనే ఉంది: చెప్పిన సమయం కన్నా వేగంగా గీత దాటితే ఓటమే. 20 చెప్పి 19.9లో వచ్చినా ఇంటిదారే, ఇద్దరూ హద్దు మీరితే తక్కువ మీరినవాడిది గెలుపు. ఇక తేల్చేవి దీపం పడగానే కదిలే చురుకూ, తన బండి తనకెంత తెలుసన్నదీ. కొత్త కారుకన్నా పదేళ్లుగా ఒక్క తీరున నడిచే పాత కారే ఇక్కడ నమ్మకమైన సరుకు.

ఇక మన వైపు, 1990లో షోళవరం వైభవం శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకు మారింది. పలమనేరు, చిత్తూరు, రాణిపేట మీదుగా మద్రాసుకు పోయిన పాత నాలుగో నంబరు జాతీయ రహదారి మీదే ఆ ట్రాకు. జాతీయ డ్రాగ్ పోటీలు అక్కడ జరిగాయి. బళ్లను విడదీసేది ప్రధానంగా సి.సి. లెక్కే. ఈలోగా ఎద్దులు కోర్టు మెట్లెక్కాయి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుతో పాటు ఎడ్లబండి పందేలనూ నిషేధించింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం, ఆ పోటీలను అనుమతిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు తెచ్చిన సవరణ చట్టాలను సమర్థించింది. జిల్లా గీతలూ మళ్లీ మారి, 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. దాని దక్షిణపు కొసన శ్రీసిటీలో ఇసుజు వాహనాలు తయారవుతున్నాయి, సత్యవేడు వైపు హీరో మోటారు సైకిళ్లు.

బళ్లు తయారయ్యే జిల్లాలో వాటితో పోటీపడే చోటు ఎక్కడన్నది కుర్రవాళ్ల ప్రశ్న. రాత్రిళ్లు బైపాసుల మీద తేల్చుకునే పందెంలో దీపాల స్తంభమూ లేదు, తరగతీ లేదు, నిదానపు బండికి వరుసా లేదు. పక్కా పోటీకి కావలసింది 402 మీటర్ల తారు, బండి ఆగడానికి అంతకు మించిన దారి, రెండు వరుసలు, సమయం కొలిచే దీపాలు. సి.సి.తో పాటు చెప్పిన సమయాన్నీ లెక్కలోకి తీసుకుంటే, పాలక్యాన్లు మోసే టీవీఎస్ ఎక్సెల్ కూడా బుల్లెట్ పక్కన నిలబడగలదు.